డచ్ డ్రాయింగుల్లో ఆ ఒరిగిపోయిన పూరిళ్లు: అర్థమా, అందమా?

బొగ్గుపెన్సిల్ · శనివారం, రాత్రి 9.12

అందరికీ నమస్కారం. బొమ్మలు వేయడం నాకు సరదా మాత్రమే, చదివిన చదువు వేరు. ఈ మధ్య ఆన్‌లైన్‌లో ఒక కళాచరిత్ర కోర్సులో చేరాను. నిన్నటి క్లాసులో 17వ శతాబ్దపు డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ డ్రాయింగ్ ఒకటి చూపించారు. 1648–50 మధ్య వేసిందట, ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. గోధుమరంగు సిరాతో కలం గీతలు, వాటి మీద కుంచెతో పల్చటి పూత. చెట్ల మధ్య ఒదిగిన ఒక పూరిల్లు. అంతే బొమ్మ.

"పాతబడ్డ ఇల్లు అంటే మనిషి బతుకు అశాశ్వతం అని గుర్తు. డచ్ వాళ్ల బొమ్మలో గుడిసె కనిపించిందంటే అదొక వేదాంతం అనుకోండి" అన్నారు సారు. వేదాంతం చెప్పాలనుకున్నవాడు ఆ గడ్డికప్పు మీద అంత ముచ్చటపడి గీతలు ఎందుకు గీశాడు సార్ అని చాట్‌లో అడిగాను. ఆయన తర్వాతి స్లైడ్‌కి వెళ్లిపోయారు.

నేనే వెతుక్కుంటూ పోతే ఆ కాలపు డచ్ చిత్రకారులు బ్లూమార్ట్, వాన్ గోయెన్, రౌస్‌డాల్, ఎవరిని చూసినా ఇవే ఇళ్లు. కప్పు జారిన ఇల్లు, పక్కకు ఒరిగిన గోడ, విరిగిన దడి. ఆ కాలంలో హాలండ్ బాగా డబ్బున్న దేశం కదా, వీళ్లకి ఒక్క మంచి ఇల్లు దొరకలేదా? ఇవి నిజంగా గుర్తులా, లేక మనమే తర్వాత అర్థాలు అంటగట్టామా? తెలిసినవాళ్లు చెప్పండి.

సందేహాలరావు · శనివారం, రాత్రి 9.31

పూరిల్లు అంటే పేదరికం. ఇందులో ఇంత ఆలోచించడానికి ఏముంది? మా ఊళ్లో పూరిల్లు ఉన్నవాడు దాని బొమ్మ వేయించుకుని గోడకు తగిలించుకోడు. పట్నం నుంచి కారేసుకుని వచ్చినవాడే ఆగి ఫొటో తీసుకుంటాడు. దూరపు కొండలు నునుపు. కేస్ క్లోజ్.

పాతపుస్తకాలు · ఆదివారం, ఉదయం 6.05

రావు గారూ, కేస్ అంత తొందరగా క్లోజ్ చేయకండి. కానీ మీరు అన్న పట్నంవాడి మాట దాచి ఉంచుతాను, తర్వాత పనికొస్తుంది.

బొగ్గుపెన్సిల్ గారూ, మీ సారు చెప్పింది గాలిమాట కాదు. దాని వెనక పెద్ద గొడవే ఉంది. 1960ల చివరి నుంచి ఎడ్డీ దె యోంగ్ అనే డచ్ పండితుడు ఒక వాదన తెచ్చాడు. 17వ శతాబ్దపు డచ్ చిత్రాలు పైకి ఉన్నది ఉన్నట్టు కనిపిస్తాయి గానీ లోపల నీతి దాగి ఉంటుంది అన్నాడు. ఆ కాలంలో ఒక రకం పుస్తకాలు తెగ అమ్ముడయ్యేవి. పేజీ పైన ఒక సూక్తి, మధ్యలో చిన్న బొమ్మ, కింద దాన్ని విప్పి చెప్పే పద్యం. వాటిని పక్కన పెట్టుకుని చిత్రాలు చదివాడాయన. 1980లకి యోసువా బ్రౌన్ ఇదే పద్ధతిని ప్రకృతి చిత్రాలకు పట్టించాడు. దారిలో పోయే మనిషి జీవయాత్ర చేసే బాటసారి, దూరాన చర్చి శిఖరం అతని గమ్యం, దారి పక్కన కూలుతున్న ఇల్లు నశించిపోయే ఈ లోకం. మీ క్లాసుకి వచ్చింది ఈ దారినే.

స్వెత్లానా ఆల్పర్స్ 1983లో దీనికి పూర్తిగా ఎదురు తిరిగింది. డచ్ వాళ్లకి చూడటమే ఒక జ్ఞానం, కటకాలు (లెన్సులు), పటాలు, కొలతలు వాళ్ల లోకం, ప్రతి చెంబు వెనకా సామెత వెతక్కండి అని ఆవిడ వాదన.

నా మటుకు నాకు, రెండు పక్షాలూ ఎక్కువగా రంగుల చిత్రాల గురించే కొట్టుకున్నాయి. డ్రాయింగ్ సంగతి వేరు. రెంబ్రాంట్ పొలంగట్ల మీద కూర్చుని గీసినవి అమ్మకానికి పెట్టినట్టు కనిపించదు. 1656లో ఆయన దివాలా తీసినప్పుడు ఇంట్లో సామాను జాబితా రాశారు. అందులో ఎదురుగా చూసి గీసిన ప్రకృతి దృశ్యాల ఆల్బములు ఉన్నాయి. అంటే అప్పటిదాకా ఆయన దగ్గరే ఉన్నాయన్నమాట. తర్వాత వాటిలో చాలా భాగం ఆయన శిష్యుడు ఖోవర్ట్ ఫ్లింక్ కొడుకు చేతికి చేరింది. 1723లో ఇంగ్లండ్‌లోని డెవన్‌షైర్ డ్యూక్ ఆ కొడుకు దగ్గర కొన్నాడు. నీతి బోధించాలంటే ఎదురుగా ఒకడు ఉండాలి కదా. సొంత బీరువాలో పెట్టుకున్న కాగితం ఎవరికి బోధిస్తుంది?

గీతగీసినకాడికి · ఆదివారం, ఉదయం 8.20

డ్రాయింగ్ మాస్టర్ని, ఇరవై రెండేళ్లు హైస్కూల్లో పిల్లల చేత ఇల్లు, కొండ, సూర్యుడు వేయించిన పాపం నాది. నాకు తెలిసింది చెప్తాను.

కొత్తగా కట్టిన ఇటుక గోడ ఎదురుగా పెట్టి కలంతో గీయమనండి. అడ్డగీత, నిలువుగీత, అడ్డగీత. పది నిమిషాల్లో చెయ్యి విసుగెత్తుతుంది. అదే నాలుగు వానలు తిన్న గడ్డికప్పు ఇవ్వండి. వెన్ను దగ్గర గీత బిగుతుగా ఉండాలి, కిందికి వచ్చేకొద్దీ వదులవ్వాలి, చూరు దగ్గర పరకలు విడిపోయి వేలాడాలి, నాచు పట్టినచోట గీత వదిలేసి పూత వేయాలి. ఒక్క కప్పులో కలం చేయగల పనులన్నీ ఉన్నాయి.

రెంబ్రాంట్ ఈకకలంతో పాటు రెల్లుకలం కూడా వాడాడు, వయసు పెరిగేకొద్దీ ఎక్కువగా. రెల్లుకలంలో సిరా త్వరగా అయిపోతుంది. అయిపోతున్నప్పుడు గీత తెగి తెగి, గరుకుగా పడుతుంది. నేర్చుకునేవాడు అప్పుడు సిరాలో మళ్లీ ముంచుతాడు. ఈయన ముంచడు. ఆ ఎండుగీతనే ఎండుగడ్డికి వాడుకుంటాడు. రెల్లు కప్పుని రెల్లుకలంతో గీయడం! ఇది గుర్తో కాదో నాకు తెలియదు గానీ నాకైతే ఒళ్లు పులకరిస్తుంది.

ఇంకోటి. ఎండ పడే గోడ దగ్గర గీతలే ఉండవు, కాగితాన్ని వదిలేస్తాడు. ఆ వదిలేసినదే వెలుతురు. మీ సార్‌కి చెప్పండి, ముందు అది చూడమని.

ఆమ్‌స్టెల్_సైకిల్ · ఆదివారం, మధ్యాహ్నం 2.44

నేను ఉండేది ఆమ్‌స్టల్‌వేన్‌లో, తొమ్మిదేళ్లు అయింది. ఆఫీసు లేనప్పుడు ఆమ్‌స్టెల్ నది గట్టు మీద సైకిల్ తొక్కుతాను. రెంబ్రాంట్ నడిచి వెళ్లి బొమ్మలు గీసుకున్న గట్టు ఇదే. రీకర్ గాలిమర దగ్గర ఆయన మోకాలు వంచి గీస్తున్నట్టు విగ్రహం కూడా పెట్టారు. (ఆ గాలిమరని 1961లో వేరే చోటి నుంచి తెచ్చి పెట్టారు, కాబట్టి ఆ సెట్టింగ్ చూసి మోసపోకండి.)

గోడ ఒరిగింది, కప్పు వంగింది, అందుకే అశాశ్వతం అంటున్నారు కదా. ఇక్కడి నేల చూస్తే ఆ మాట అనరు. చుట్టుపక్కల అంతా పీట్ నేల, అంటే కుళ్లిన మొక్కలు వేల ఏళ్లు పేరుకున్న మెత్తటి నల్లమట్టి. నీళ్లు తోడి ఆరబెట్టేకొద్దీ అది కుంగుతుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో అయితే కొయ్య దుంగలు లోతుగా దింపి వాటి మీద ఇల్లు లేపుతారు. పల్లెలో రైతుకి అంత ఖర్చు ఎక్కడిది? అందుకే తేలిగ్గా కొయ్యతో కట్టుకున్న ఇళ్లు చాలా ఉండేవి. అయినా ఒక మూల కుంగేది. వంకర ఇల్లు ఇక్కడ తత్వం కాదు సార్, సాయిల్ రిపోర్టు.

దీనికి తగ్గ కథ ఒకటి ఉంది. 1641లో రెంబ్రాంట్ ఒక బొమ్మ చేశాడు, 32 సెంటీమీటర్ల వెడల్పు, 13 ఎత్తు. మధ్యలో పెద్ద పూరిల్లు, పక్కనే గడ్డివామి. ఎడమవైపు దూరంగా ఆమ్‌స్టర్‌డామ్ గోపురాలు. కుడివైపు చెట్లలో ఒక భవంతి. ఆ భవంతి పేరు కోస్ట్‌ఫర్‌లోరెన్. మన భాషలో చెప్పాలంటే "ఖర్చు దండగ". కట్టిన నేల కుంగుతూనే ఉంటే, బాగు చేయించీ చేయించీ జనం పెట్టిన పేరు అది. ఇల్లు కట్టి చూడు అన్నారు కదా, వీళ్లు కట్టి చూశారు. 1650 ప్రాంతంలో అది కాలిపోయింది, ఆ శిథిలాలను కూడా రెంబ్రాంట్ గీశాడు.

ఇప్పుడు ఆ బొమ్మని చూడండి. ఒక పక్క డబ్బు పుట్టే నగరం, ఒక పక్క డబ్బు మింగే భవంతి, రెండూ బొటనవేలి గోరంత. మధ్యలో రైతు ఇల్లు కాగితం నిండా. నిజానికి ఒక్కచోట నిలబడితే ఈ మూడూ ఇలా కనబడవు, ఆయన తెచ్చి కలిపాడు. తెచ్చి కలిపాడంటే ఏదో అనుకునే కదా కలిపి ఉంటాడు? ఇక్కడ మాత్రం అర్థం లేదంటే నేను ఒప్పుకోను.

గీతగీసినకాడికి · ఆదివారం, మధ్యాహ్నం 3.10

సైకిల్ తమ్ముడూ, చిన్న సవరణ. నువ్వు చెప్పింది ఎచ్చింగ్, డ్రాయింగ్ కాదు. రాగిరేకు మీద సూదితో గీసి ఆసిడ్‌లో ముంచి అచ్చు తీస్తారు. అందుకే అందులో ఆమ్‌స్టర్‌డామ్ కుడి ఎడమలు తారుమారై ఉంటుంది. రేకు మీద కళ్లకు కనిపించినట్టే గీసేశాడు, అచ్చులో తిరగబడింది. తిప్పి గీయడానికి ఆయనకి బద్ధకమో, పట్టింపు లేదో. కానీ నీ పాయింట్ బాగుంది. ఎచ్చింగ్ అంటే అమ్మకానికి వేసిందే. పాతపుస్తకాలు మాస్టారి లెక్క ప్రకారం చూసినా, ఎదురుగా వినేవాడున్నాడు కాబట్టి చెప్పడానికి ఒక మాట ఉంది.

నిట్రాడు · ఆదివారం, రాత్రి 7.55

కోనసీమ నుంచి. మా తాతగారిది తాటాకు ఇల్లు, నేను పుట్టింది అందులోనే. ఇక్కడ అందరూ "పాడుబడ్డ" "పాడుబడ్డ" అంటుంటే మనసు చివుక్కుమంది.

పాడుబడ్డ ఇల్లు ఎలా ఉంటుందో తెలుసా? ముందు వెన్నుగాడి (కప్పు నడినెత్తిన అడ్డంగా ఉండే దూలం) దగ్గర కప్పు తెరుచుకుంటుంది, వాన నేరుగా నిట్రాడు (కప్పుని మోసే నడిమి గుంజ) మీద పడుతుంది, ఒక్క వానాకాలం చాలు. ఈ డచ్ బొమ్మల్లో నేను చూసినవాటిలో చాలావాటికి వెన్ను గట్టిగానే ఉంది. కప్పు ఎత్తుపల్లాలుగా ఉందంటే అతుకు వేశారని. పాత గడ్డి మీద కొత్త గడ్డి వేస్తే రంగు తేడా, మందం తేడా వస్తుంది. పొగ వస్తోంది, వాకిట్లో బాన ఉంది, గోడకి నిచ్చెన ఆనించి ఉంది. అంటే ఎవరో ఎక్కబోతున్నారు లేదా ఇప్పుడే దిగారు. అది చచ్చిన ఇల్లు కాదండీ, బాగు చేసుకుంటూ బతుకుతున్న ఇల్లు. పట్నంలో పుట్టినవాళ్లకి అతుకూ చిరుగూ ఒకేలా కనిపిస్తాయి.

ఆమ్‌స్టెల్ గారూ, ఆ గడ్డివామి గురించి ఇంకొంచెం చెప్తారా? నాలుగు గుంజల మీద టోపీ పెట్టినట్టుంది. మా వాములకి పైకప్పు ఉండదు.

ఆమ్‌స్టెల్_సైకిల్ · ఆదివారం, రాత్రి 9.03

భలే అడిగారు. దాన్ని ఇక్కడ హోయ్‌బెర్ఖ్ అంటారు, గడ్డికొండ అని అర్థం. ఆర్న్‌హెమ్‌లో పాత ఇళ్లన్నీ తెచ్చి నిలబెట్టిన ఓపెన్‌ఎయిర్ మ్యూజియం ఉంది, అక్కడ దగ్గరగా చూశాను. నాలుగో ఐదో పొడవాటి గుంజలు, వాటికి వరసగా రంధ్రాలు. రంధ్రాల్లో చీలలు దిగ్గొట్టి వాటి మీద కప్పు నిలబెడతారు. గడ్డి వేసేకొద్దీ కప్పు పైకి జరుపుతారు, పశువులకు తీసి వేసేకొద్దీ కిందికి దించుతారు. కప్పు ఎప్పుడూ గడ్డిని అంటుకునే ఉంటుంది, వాన లోపలికి పోదు.

మీ పోస్టు చదివాక నాకు ఇంకోటి తట్టింది. బొమ్మలో ఆ కప్పు గుంజల చివర దాకా ఉంటే ఆ ఇంటికి ఆ ఏడాది మేతకు లోటు లేదని. కిందికి దిగి ఉంటే చలికాలం గడిచిపోతోందని. అప్పట్లో పల్లె తెలిసిన ఏ డచ్చివాడైనా ఇది చటుక్కున చదివి ఉంటాడు, పద్యం చదవక్కర్లేకుండా. సింబల్ అంటే ఇలాంటిది కూడా కదా?

ఇంకా చిమ్నీ మీదో కప్పు మీదో కొంగగూడు కనిపిస్తుంటుంది కొన్ని పల్లె బొమ్మల్లో. దానికి మాత్రం నిజంగా పుస్తకాల్లో అర్థం ఉంది. పిల్లకొంగలు ముసలి తల్లిదండ్రులకు మేత తెచ్చి పెడతాయని పాతకాలం నుంచి నమ్మకం, కాబట్టి కొంగ అంటే కన్నవాళ్లని చూసుకోవడం. అయితే ఇక్కడ ఇళ్ల మీద కొంగలు నిజంగానే గూడు కడతాయి. మళ్లీ అదే తలనొప్పి, చూసి గీశాడా, తలచి గీశాడా.

బందరుబాబాయ్ · సోమవారం, ఉదయం 7.18

అమ్మాయ్ బొగ్గుపెన్సిల్, మంచి దారం మొదలెట్టావు. నాకు బొమ్మలు తెలియవు గానీ డచ్చివాళ్లు తెలుసు. మా బందరులో వలందపాలెం అని పేట ఉంది, వలందులంటే వాళ్లే, హాలండు వాళ్లు. 1600ల మొదట్లోనే ఇక్కడ వర్తకస్థానం పెట్టారు, మన నూలు బట్టలు ఓడలకెత్తారు. వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. ఆ రాళ్ల మీద చెక్కిన అక్షరాలు, డాలు గుర్తులు చూస్తే ఈ మనుషులు గుర్తులు లేకుండా చావనైనా చావలేదని తెలుస్తుంది!

రెంబ్రాంటు గారు మన దేశపు మొఘల్ బొమ్మలు చూసి వాటికి నకళ్లు గీశాడని ఎక్కడో చదివాను. నిజమేనా?

పాతపుస్తకాలు · సోమవారం, ఉదయం 7.50

నిజమే బాబాయ్ గారూ. 1656–61 ప్రాంతంలో గీసినవి ఇరవైకి పైగా మిగిలాయి, తూర్పు దేశాల నుంచి వచ్చిన నునుపు కాగితం మీద. చెట్టు కింద నలుగురు వృద్ధులు కూర్చున్న బొమ్మ ఒకటి లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఆ కాగితమూ ఆ బొమ్మలూ యూరప్ చేరింది మీ వలందుల ఓడల లాంటి ఓడల్లోనే. దాని మీద వేరే దారం పెట్టుకుందాం, లేకపోతే మోడరేటర్ గారు ఊరుకోరు.

ఇళ్ల దగ్గరకి వస్తాను. సైకిల్ బాబు, నిట్రాడు గారు చెప్పింది చదివాక నిన్న రాత్రి బ్లూమార్ట్‌ని మళ్లీ తీశాను. ఈ గొడవంతా ఒక్క మనిషిలో చూడాలంటే ఆయనే.

అబ్రహాం బ్లూమార్ట్‌ది ఉట్రెక్ట్. 1604లో కారెల్ వాన్ మాందర్ చిత్రకారుల జీవితాలు రాసినప్పటికే ఈయన ఉట్రెక్ట్ చుట్టుపక్కల రైతుల ఇళ్లు, పనిముట్లు, చెట్లు గీస్తాడని పేరు. కలంతో గీసి, పల్చటి రంగులు అద్ది, బోలెడన్ని చేశాడు. తడికల గోడ ఊడితే లోపలి కర్రలు కనపడటం, తలుపు ఒక మడతబందు మీద వేలాడటం, పావురాలగూడు ఒక పక్కకి వాలడం, అన్నీ ముద్దుగా గీశాడు. ఎవరూ ఉండరు ఆ బొమ్మల్లో, ఉన్నా నిద్రపోతూనో వీపు తిప్పుకునో. 1613–14లో బోల్స్‌వర్ట్ అనే ఆయన వాటిని 20 రాగిరేకుల మీదికి ఎక్కించి అచ్చేశాడు, దాంతో ఊరూరా పాకాయి.

ఇప్పుడు 1624కి రండి. అదే బ్లూమార్ట్ రంగుల్లో పెద్ద చిత్రం వేశాడు, బాల్టిమోర్‌లోని వాల్టర్స్ మ్యూజియంలో ఉంది. బైబిల్‌లో గోధుమలు, గురుగుల ఉపమానం. మనుషులు నిద్రపోతుంటే శత్రువు వచ్చి పొలంలో గురుగులు చల్లిపోతాడు. చిత్రంలో ముందు భాగాన బట్టలు కూడా లేకుండా మైమరచి నిద్రపోతున్న జనం, ఒక మేక, ఒక నెమలి. వెనక పొలంలో కొమ్ములూ తోకా ఉన్న సైతాను చల్లుకుంటూ పోతున్నాడు. వీళ్ల పక్కన ఏముందనుకున్నారు? అదే వాలిపోయిన కొట్టం, అదే పావురాలగూడు. ఇరవై ఏళ్లుగా ఆయన ఊరూరా తిరిగి గీసుకున్న ఇల్లు.

ఇక్కడ ఆ ఇల్లు అచ్చంగా సోమరితనానికి గుర్తే, ఎవరూ కాదనలేరు. మేక కామానికి, నెమలి గర్వానికి, కూలిన కప్పు నిద్రకి. కానీ మొదట ఉట్రెక్ట్ పొలంలో నిలబడి గీసినప్పుడు ఆ కొట్టం సోమరిపోతుది కాదు. ఏ రైతుదో. అర్థం తర్వాత ఎక్కింది, పెళ్లిపందిట్లోకి వచ్చాక అరటిచెట్టుకి ఎక్కినట్టు. పెరట్లో ఉన్నప్పుడు అది ఉట్టి అరటిచెట్టే. బొగ్గుపెన్సిల్ గారూ, మీ సారు పందిట్లో అరటిచెట్టుని చూసి పెరట్లో చెట్టుక్కూడా మంగళహారతి పట్టారు. ఆయన తప్పు అంతవరకే.

ఊరిదారి · సోమవారం, రాత్రి 10.26

కొత్త మెంబర్ని. మూడు రోజులుగా చదువుతున్నాను, ఇక ఆగలేక రాస్తున్నా.

పాతపుస్తకాలు గారి అరటిచెట్టు బాగుంది గానీ ఆయన పందిరి అంటే బైబిల్ చిత్రం ఒక్కటే అనుకుంటున్నారు. కాలం కూడా పందిరే. ఒక ఉదాహరణ.

1559లోనూ 1561లోనూ ఆంట్వెర్ప్‌లో హియెరోనిముస్ కోక్ అనే ప్రచురణకర్త చిన్న చిన్న ప్రకృతి దృశ్యాలు అచ్చేశాడు. రెండూ కలిపి 44 బొమ్మలు. గీసింది ఎవరో ఈనాటికీ తేలలేదు, "చిన్న దృశ్యాల ఆచార్యుడు" అని పిలుచుకుంటున్నారు. ఆంట్వెర్ప్ చుట్టూ ఉన్న పల్లెలు. ఊరి దారి, రైతు ఇల్లు, కోళ్లు, ఒక బండి. అప్పటిదాకా ల్యాండ్‌స్కేప్ అంటే ఆకాశమంత కొండలు, కింద నలుసంత సాధువు. ఇక్కడ మొదటిసారి కంటి ఎత్తులో, వాకిట్లో నిలబడి చూసినట్టు మామూలు ఇళ్లు. ఎదురుగా చూసి గీసినవి అని ముఖపత్రం మీదే వేసుకున్నారు.

ఆ తర్వాత, అప్పుడు ఆ ప్రాంతాన్ని ఏలుతున్న స్పెయిన్ మీద తిరుగుబాటు. సైన్యాలు ఆ పల్లెల మీదుగానే అటూ ఇటూ నడిచాయి. ఊళ్లు కాలాయి, పొలాలు బీడయ్యాయి. 1585లో ఆంట్వెర్ప్ స్పెయిన్ చేతికి పోయాక వేలాది కుటుంబాలు ఉత్తరానికి, హార్లెమ్, ఆమ్‌స్టర్‌డామ్‌లకి వలస వచ్చేశాయి.

1609లో పన్నెండేళ్ల సంధి. యుద్ధం ఆగిన ఆ సందులో, 1612లో ఆమ్‌స్టర్‌డామ్‌లో క్లాస్ యాన్స్ విస్సర్ ఆ పాత బొమ్మలనే మళ్లీ చెక్కి అచ్చేశాడు, పేరుమోసిన చిత్రకారుడు బ్రూహెల్ పేరు తగిలించి మరీ (పేరుంటే అమ్ముడవుతుంది, అప్పుడూ ఇప్పుడూ). గీతకి గీత అవే ఇళ్లు. కానీ 1559లో కొన్నవాడికి అది ఆదివారం షికారు వెళ్లే ఊరు. 1612లో కొన్నవాళ్లలో కొందరికైనా అది అమ్మానాన్నలు వదిలేసి వచ్చిన ఊరు. ఇల్లు మారలేదు, చూసే కన్ను మారింది.

అదే రోజుల్లో విస్సర్ సొంతంగా హార్లెమ్ చుట్టుపక్కల దృశ్యాలు కూడా వేశాడు. దూరప్రయాణాలు చేసే తీరిక లేని కళాభిమానులారా, ఇక్కడే చూసుకోండి అని ముందు పేజీలోనే పిలుపు. అందులో సత్రం ఉంది, బట్టలు ఎండబెట్టే మైదానం ఉంది, యుద్ధంలో దెబ్బతిన్న కోట శిథిలం కూడా ఉంది. పచ్చటి పల్లె మధ్య ఆ మొండిగోడ. నా ఉద్దేశంలో ఆ వరసలో చూస్తే మామూలు పూరిల్లు కూడా "ఇది నిలిచింది" అని చెప్తుంది. అశాశ్వతానికి కాదు, సరిగ్గా దానికి ఎదురు.

సందేహాలరావు · మంగళవారం, ఉదయం 11.02

సరే, నేనూ కొంచెం సీరియస్ అవుతా. అందరూ గీసినవాడి గురించి మాట్లాడుతున్నారు. కొన్నదెవరు? రైతు కొన్నాడా? లేదు కదా. దానికి మాత్రం నా మొదటి మాటే కరెక్ట్.

ఊరిదారి · మంగళవారం, మధ్యాహ్నం 1.15

ఒప్పుకుంటాను రావు గారూ. హాలండ్ ప్రాంతంలో 17వ శతాబ్దం మధ్యకి సగానికి పైగా జనం పట్నాల్లోనే ఉన్నారు, అప్పటి యూరప్‌లో అది చాలా ఎక్కువ. ఆమ్‌స్టర్‌డామ్ వర్తకులు డబ్బు పోసి 1612లో బేమ్‌స్టర్ చెరువుని గాలిమరలతో తోడించి, నేల బయటపెట్టి, స్కేలు పెట్టి గీసినట్టు చదరాలుగా పంచుకున్నారు. అక్కడ లేచినవి కొత్త ఇటుక ఇళ్లు, వేసవి భవంతులు. బాగా సంపాదించే రైతులూ ఉన్నారు. మీరడిగిన "మంచి ఇళ్లు" అవే బొగ్గుపెన్సిల్ గారూ. కావలసినన్ని ఉన్నాయి. చిత్రకారులు వాటిని దాటుకుని వెళ్లి పాత పూరిల్లు ఎదుట కూర్చున్నారు.

చెరువు తోడించినవాడే పూరిల్లు బొమ్మ కొనుక్కుని ఉండొచ్చు. అందులో తప్పు పట్టను. నేనూ హైదరాబాద్ ఫ్లాట్‌లో కూర్చుని ఇవి చూస్తున్నవాణ్నే.

గీతగీసినకాడికి · మంగళవారం, సాయంత్రం 6.40

డ్రాయింగులు అమ్మకానివి కావు అన్న పాతపుస్తకాలు మాస్టారి మాట మీద చిన్న అడ్డుపుల్ల. యాన్ వాన్ గోయెన్‌ని తీసుకోండి. (సైకిల్ తమ్ముడు ఇక్కడ ఖ అని గొంతు గీరుకుంటూ పలకాలంటాడు, నా వల్ల కాదు.) ఆయన జేబుపుస్తకంలో నల్లసుద్దతో చకచకా గీసుకునేవాడు. అవి తనకోసం. కానీ 1650 దాటాక పెద్ద కాగితాల మీద సుద్ద, బూడిదరంగు పూతతో, మూలన తన పొడి అక్షరాలు, ఏడాది వేసి వందల డ్రాయింగులు చేశాడు. అవి అమ్మకానికే. పాపం తులిప్ గడ్డల వ్యాపారంలో 1637లో దెబ్బతిని, 1656లో అప్పులతోనే పోయాడు. ఆ పూరిళ్ల మీద ఆయనకి వేదాంతం ఎంత ఉందో గానీ అప్పులవాళ్లు మాత్రం గట్టిగా ఉన్నారు.

పాతపుస్తకాలు · మంగళవారం, రాత్రి 8.12

మాస్టారు సరిగ్గా అడ్డుపడ్డారు, ఒప్పుకున్నా. అమ్మకానికి పెట్టని డ్రాయింగ్ అన్నది రెంబ్రాంట్‌కి చెల్లుతుంది, అందరికీ కాదు.

ఒక్క సాక్ష్యం పెట్టి నేను ఆపుతాను. యాన్ దె బిస్‌కాప్ అని హేగ్ నగరంలో ఒక లాయరు, తీరికవేళల్లో చక్కగా డ్రాయింగులు వేసేవాడు. బంగారపు గోధుమరంగులో మెరిసే ఆయన సిరాకి ఆయన పేరే పెట్టారు. 1671లో ఆయన కోపంగా రాసుకున్నాడు. ముడతలు పడ్డ ముసలివాడు, కూలుతున్న ఇల్లు, బిచ్చగాడు, రైతు వీళ్లే బొమ్మకి బాగుంటారు, అందమైన యువకుడు, కొత్త భవనం, రాజు బాగుండరు అని మనవాళ్లకి ఒక తప్పుడు నమ్మకం పట్టుకుంది అని. ఇలాంటివాటికి డచ్ భాషలో ఒక మాట ఉండేది, "బొమ్మకి పనికొచ్చేది" అని దాని అర్థం.

చూశారా, తిడుతున్నది ఆ కాలం మనిషే. ఎదటిపక్షం వాళ్లు పాపం గురించి, మరణం గురించి చెప్తున్నారని ఆయన అనలేదు. వాళ్లకది అందంగా కనిపిస్తోంది అన్నాడు. ఆయన బాధంతా అదే.

నిట్రాడు · మంగళవారం, రాత్రి 9.47

లాయరుగారికి కొత్త భవనమే కావాలన్నమాట. మా ఊళ్లోనూ అంతే. తాతగారి ఇల్లు తీసేసి స్లాబు వేసిన రోజు అందరూ సంతోషించారు, నేనూ సంతోషించాను. వాన కురిస్తే మంచం జరుపుకునే పని తప్పింది. ఇప్పుడు ఆ ఇంటి ఫొటో ఒక్కటీ లేదు.

బొగ్గుపెన్సిల్ · బుధవారం, రాత్రి 11.05

అందరికీ చాలా థాంక్స్. ఇంత వస్తుందనుకోలేదు.

నేను రెండు రోజులుగా ఒక పని చేస్తున్నా. ఆ మెట్రోపాలిటన్ డ్రాయింగ్ స్క్రీన్ మీద పెద్దది చేసి నకలు దిగుతున్నా. నాలుగు కాగితాలు చింపాను. చెట్లు ఎలాగో వస్తున్నాయి. కప్పు రావడం లేదు. చెయ్యి దానంతట అదే వెన్నుగీతని తిన్నగా లాగేస్తోంది. తిన్నగా లాగితే ఇల్లు అట్టముక్కతో చేసినట్టు ఉంటోంది. కావాలని వంకర గీస్తే కార్టూన్ ఇల్లు అవుతోంది. ఆయన గీత వంకరా కాదు, తిన్ననా కాదు. లోపల వాసాలు ఎక్కడ దిగాయో తెలిసినవాడు గీసినట్టుంది.

గీతగీసినకాడికి మాస్టారూ, రెల్లుకలం ఎలా చెక్కుకోవాలో చెప్తారా? మా కాలువ గట్టు మీద రెల్లు బోలెడు ఉంది. నిట్రాడు గారూ, ఫొటో లేకపోయినా ఫరవాలేదు. మీ తాతగారి ఇంటి కప్పు వెన్ను దగ్గర ఎలా ముడివేసేవారో రెండు ముక్కలు రాయండి, గీసి చూస్తాను.

మోడరేటర్ · గురువారం, ఉదయం 9.00

ఈ దారాన్ని "పెయింటింగ్స్" విభాగం నుంచి "డ్రాయింగులు, అచ్చుబొమ్మలు" విభాగానికి మార్చాం. వలందపాలెం, మొఘల్ నకళ్ల మీద బందరుబాబాయ్ గారు వేరే దారం తెరిచారు, అక్కడ కొనసాగించండి.

గీతగీసినకాడికి · గురువారం, ఉదయం 9.25

రెల్లు పచ్చిది కోయకమ్మా, మెత్తగా నలిగిపోతుంది. నిరుటిది, ఎండి గట్టిపడ్డది చూసుకో, చిటికెనవేలంత లావు. కణుపుకి కాస్త పైన ఏటవాలుగా కొయ్యి, లోపలి బెండు గీకేసెయ్యి, ముక్కు మధ్యలో బ్లేడుతో అరంగుళం చీల్చు. మొదటి మూడు పాడవుతాయి. నాలుగోది పడేయొద్దు.

నిట్రాడు · గురువారం, రాత్రి 8.30

ముడి కాదమ్మా, మడత. తాటాకుని వెన్నుగాడి మీద అటూ ఇటూ గుర్రమెక్కించినట్టు వేసి, పైన రెండు వెదురుబద్దలు పెట్టి కొబ్బరితాడుతో బిగించేవారు. తాడు చివర మాత్రం కోసేవారు కాదు, మళ్లీ ఏడాది పనికొస్తుందని చుట్టి అక్కడే దోపేవారు. అది గాలికి ఊడి చూరు దాకా వేలాడేది. గీస్తే ఆ తాడు మర్చిపోకు.